మాతె తాగని మంగళవారం

గ్రాల్యా లోయ
2011 ఏప్రిల్ 6, బుధవారం

ఒదీలా అత్తకి,

తప్పు జరిగింది. చేసినవాడు డాక్టర్ లెయాంద్రో జుఫో. నిన్న మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి, పట్నం ఆసుపత్రిలో, మా నాన్న గొంతులోకి గొట్టం దించి మూడు నిమిషాలు కూడా ఉంచకుండా లాగేశాడు. కాగితం మీద ‘పరీక్ష అసంపూర్ణం, మళ్ళీ రావాలి’ అని రాసి ఇంటికి పంపేశాడు. మళ్ళీ అంటే జూన్ రెండో వారం. పేరు పూర్తిగా రాయడం నేను మిల్లు యూనియన్ కరపత్రాల్లో నేర్చుకున్నాను. పేరు రాయకపోతే అన్యాయం కూడా వానలా, మంచులా దానంతటదే పడినట్టు కనిపిస్తుంది.

ఉత్తరంలో ముందు క్షేమ సమాచారాలు రాయాలని నువ్వే నేర్పావు. క్షేమం లేదు కాబట్టి రాయలేదు.

నాన్న క్రిస్మస్ నుంచి రొట్టె నానబెట్టుకుని తింటున్నాడు. పంటి నొప్పి అన్నాడు. ఫిబ్రవరిలో కర్రపెండలం మానేశాడు. “ఈ ఏడు గడ్డ నిండా పీచే,” అన్నాడు. నమ్మాను. మార్చిలో ఒకరోజు మా మాతె ఆకు మిల్లు వెనక, మూటల చాటున, మాంసం ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, మెడ సాచి, కళ్ళు మూసుకుని, అది దిగేదాకా రొమ్ము మీద గుప్పిటతో రుద్దుకుంటూ నిలబడ్డాడు. నన్ను చూడలేదు. తాత కూడా ఇలాగే రుద్దుకునేవాడని నదీర్ పెద్దమ్మ చెప్పింది. తాత పోయేనాటికి నాకు ఏడాది. నాకేం తెలుసు?

నిన్న మా తర్వాత ఒక పశువుల ఆసామి భార్య లోపలికి వెళ్ళింది. అరగంట ఉంది, గడియారం చూశాను. బట్టీ పొగ కంపు కొట్టే మనిషికి మూడు నిమిషాలు, సెంటు పూసుకున్న మనిషికి అరగంట. దీని మీద కరపత్రం రాస్తున్నాను.

నువ్వు పోర్తో అలెగ్రె ఆసుపత్రిలో పదిహేనేళ్ళుగా ఇలా గొట్టం దించే గదిలోనే నర్సుగా పనిచేస్తున్నావు. ఆ జుఫో మంగళవారాలు కారులో తెచ్చే యంత్రంలో ఏదో నీలం లైటు ఉందట, మామూలు కంటికి కనపడనిది అందులో కనపడుతుందట. నిజమేనా? మనవాళ్ళ గొంతుల మీద ఆ లైటు వేయడానికి అంత పిసినారితనం ఎందుకు?

ఫోన్ చేయకు. సిగ్నల్ పైన్ చెట్ల దిబ్బ మీదే వస్తుంది, నాన్న కూడా వెంట ఎక్కుతాడు. బస్సు డ్రైవరు అదెమీర్ చేతికిస్తే మర్నాటికి అందుతుంది.

కోపంతో,
నీ మేనకోడలు లెనీర్

నాకు భయంగా ఉంది అత్తా. ఈ ఒక్క వాక్యం ఎవరికీ చదివి వినిపించకు.

*

పోర్తో అలెగ్రె
ఏప్రిల్ 10

లెనీర్ తల్లికి,

నీ ఉత్తరం భోజనాల గదిలో విప్పి, చదవలేక మరుగుదొడ్డిలోకి వెళ్ళి చదివాను. అన్నయ్య నాకొక్క ముక్క చెప్పలేదు. ఈస్టర్‌కి రమ్మని మాత్రం కబురు పంపాడు, “మా ఆకు ఈసారి బాగా పొగ పట్టింది, తాగి చూద్దువుగాని” అని.

నువ్వడిగింది చెబుతాను. ఈ జబ్బు మొదట్లో గడ్డలా ఉండదు. మామూలు లైటులో లోపలి పొర అంతా ఒకటే గులాబీ రంగు. అప్పుడు డాక్టరు మీట నొక్కి నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుగు వేస్తాడు. ఆ వెలుగులో రక్తనాళాలు నల్లగా తేలతాయి. జబ్బు మొదలైన చోట అవి మెలితిరిగి, గోధుమ రంగు చుక్కల్లా, గుడ్డ మీద కాఫీ చిలికినట్టు ఉంటాయి. ఆ తర్వాత అయోడిన్ చల్లుతాం. దాన్ని అందించేది నేనే. మంచి పొర చెక్క రంగుకి మారిపోతుంది, చెడ్డది రంగు పట్టదు. పాలిపోయి అలాగే ఉండిపోతుంది. కాసేపటికి ఆ పాలిపోయిన చోటే గులాబీ రంగు తిరుగుతుంది. ఆ రంగు తిరగడం చూసిన రోజు నేను ఇంటికొచ్చి వంట చేయను.

అప్పుడు దొరికితే ఆ పొర కింద నీళ్ళెక్కించి, బొబ్బలా లేపి, గొట్టంలోంచే ఒలిచేస్తారు. రొమ్ము కోయరు. ఆలస్యమైతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు, మన లోయలో స్మశానం గోడ రెండుసార్లు జరిపారు.

ఇప్పుడు తిట్లు విను. అరగంట లోపల ఉంచారంటే అది మర్యాద కాదే అమ్మాయీ. బాగున్నవాళ్ళని పదిహేను నిమిషాల్లో పంపేస్తాం. ఆ ఆసామి భార్యకి ఏదో కనపడి ఉంటుంది. ఆవిడ సెంటు సంగతి వదిలేసి ఆవిడ కోసం ఒక దండం పెట్టు.

కరపత్రం ఆపు. డాక్టరు గొట్టం ఊరికే లాగడు. అన్నయ్య ముందురోజు నుంచి ఏమైనా తిన్నాడా? నిజం రాయి.

ఇంటి ఓనరమ్మ చిలక మళ్ళీ నన్ను “నర్సమ్మా, పాచి కూడు” అని పిలుస్తోంది. ఎవరు నేర్పారో తెలుసు, పట్టుకోలేకపోతున్నాను.

ముద్దులతో,
ఒదీలా అత్త

*

గ్రాల్యా లోయ
ఏప్రిల్ 14

అత్తకి,

తెల్లకోటు వేసుకున్నవాళ్ళ మధ్య పదిహేనేళ్ళుంటే మనిషి అటువైపు మాట్లాడుతుందని ఎక్కడో చదివాను. నీ విషయంలో అది నిజమవుతుందనుకోలేదు. డాక్టరు ఊరికే లాగడట. అంటే తప్పు మా నాన్నదే అయి ఉండాలి. ఎప్పుడూ మనదే.

తిన్నాడా అని అడిగావు. రాస్తున్నాను, కావాలంటే ఫాదర్ ముందు ప్రమాణం చేస్తాను. సోమవారం సాయంత్రం అయిదు తర్వాత ఏమీ ముట్టలేదు. నల్ల చిక్కుళ్ళ కుండ నేనే తీసుకెళ్ళి నదీర్ పెద్దమ్మ ఇంట్లో పెట్టి వచ్చాను. మంగళవారం తెల్లవారుజామున లేచి ఎప్పటిలాగే పొయ్యి దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. మాతె ఆకు మీద ఫ్లాస్కు వేడినీళ్ళు పోసినకొద్దీ సొరబుర్ర అటూ ఇటూ చేతులు మారుతోందే కానీ, కళ్ళు నాన్న మీదనుంచి తీయలేదు. రొట్టె బుట్ట వైపు చెయ్యి సాచితే, “నాన్నా, కాగితంలో ఏం రాశారు?” అన్నాను. “పోలీసువి అయిపోయావే,” అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బస్సులో కూడా కిటికీ దగ్గర కమ్మీ పట్టుకుని కూర్చున్నాను, స్టాండులో వడలు అమ్మేవాడు వస్తే కిటికీ మూసేశాను. ఫ్లాస్కులో ఇంటి నీళ్ళు తప్ప బయట చుక్క ముట్టనివ్వలేదు. ఇంకేం చేయాలి?

కరపత్రం అచ్చయిపోయింది. యూనియన్ ఆఫీసు మిషను మీద రెండు వందలు. నీ ఉత్తరం ఒకరోజు ఆలస్యంగా వచ్చింది, ముందే వచ్చినా ఆపేదాన్ని కాదు. శీర్షిక ‘మూడు నిమిషాల ప్రాణం’. సంత రోజున పంచాను. మిల్లులో మా కార్మికులు చదివి బెంచీలు చరిచారు. మేస్త్రీ జురాసీ మాత్రం, “డాక్టర్ని తరిమేస్తే నీ నోట్లో గొట్టం ఎవరు పెడతారే, నేనా?” అన్నాడు. అతనెప్పుడూ యజమాని మనిషే.

నాన్న దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆయన నిన్న ఒక్క గుక్క పాలు కూడా రెండుసార్లుగా మింగాడు అత్తా.

లెనీర్

*

పోర్తో అలెగ్రె
ఏప్రిల్ 18

లెనీర్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం వచ్చింది, పోయింది, ఇప్పుడు డ్యూటీ మధ్యలో నిలబడి రాస్తున్నాను. అక్షరాలు సర్దుకుని చదువు.

సొరబుర్ర చేతులు మారిందని రాశావు. ఎన్ని బుర్రలు తాగాడు? ఫ్లాస్కు బస్సులో కూడా ఉంది. అంటే ఆసుపత్రి మెట్ల దాకా తాగాడు. అవునా?

ఏమీ తినొద్దు తాగొద్దు అంటే మాతె కూడా తాగొద్దని, తల్లీ. ఆకు పొడి గొంతు పొడుగునా చెరువు పాచిలా అంటుకుపోతుంది. ఆ పచ్చదనం మీద నీలం లైటు వేస్తే ఏం కనపడుతుంది? అయోడిన్ చల్లితే దేనికి రంగు పడుతుంది? పైగా మత్తులో ఉన్న మనిషి పొట్టలో నీళ్ళుంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జుఫో గొట్టం లాగేసింది మీ నాన్న ప్రాణం కోసం. బయటికొచ్చాక చెప్పే ఉంటాడు. మత్తు దిగని మనిషికి చెప్పింది నీకెలా చేరుతుంది?

నిన్ను తిట్టలేను. ఎందుకంటే ఆ మాట నాకూ తట్టలేదు. “తిన్నాడా” అని అడిగాను, చూశావా? మనకి మాతె అంటే తాగడం కాదు, కళ్ళు తెరవడంలాంటిది. లెక్కలోకి రాదు.

ఇంకొకటి ఉంది. ఎవరికీ చెప్పలేదు. 1993లో మీ తాతని పరీక్షకి తీసుకెళ్ళింది నేను. పరగడుపున తీసుకురమ్మన్నారు, తీసుకెళ్ళాను. దారంతా ఫ్లాస్కు నా ఒళ్ళోనే ఉంది. చలికాలం, ఆయన వేళ్ళు కొంకర్లు పోతుంటే నేనే వేడివేడిగా పోసి ఇచ్చాను. పరీక్ష కుదరలేదు, రెండు నెలలు వాయిదా వేశారు. ఆ రెండు నెలల్లో ఆయనకి నీళ్ళు దిగడం ఆగిపోయింది. వాయిదా ఎందుకు పడిందో ఈ ఉద్యోగంలో చేరిన మొదటి వారం తెలిసింది. ఒకావిడ గొంతు తెర మీద పచ్చగా కనపడింది. నేను ట్రే కింద పడేశాను.

మా గదిలో మే 3, మంగళవారం ఉదయం ఒక ఖాళీ ఇప్పించాను. అన్నయ్యని ముందురోజే పంపు. ఫ్లాస్కు లేకుండా.

ఒదీలా

*

గ్రాల్యా లోయ
ఏప్రిల్ 25, ఈస్టర్ మర్నాడు

అత్తకి,

ముందు క్షమించు. నీ ఉత్తరం ఆఖరి దాకా చదవకుండానే నాన్నకి పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. తాత సంగతి వచ్చేసరికి నోరు ఆగలేదు, చదివేశాను.

నాన్న పొయ్యిలోకి ఒక కట్టె తోశాడు. తర్వాత, “ఒదీలా ఒళ్ళో పెట్టుకుంది సరే. ఆ ఫ్లాస్కు నీళ్ళు కాచి నింపిందెవరు? నేను. మూత సరిగా బిగించావా అని రెండుసార్లు అడిగింది కూడా,” అన్నాడు. ఈ మాట నీకు రాయమన్నాడు.

నేను బుర్ర నింపి ఇచ్చాను. ఏం చేయాలో తోచక ఇచ్చాను. తాగాడు. తిరిగి ఇస్తూ, “థాంక్స్ తల్లీ,” అన్నాడు.

అత్తా, పందొమ్మిదేళ్ళలో ఆయన నోట ఆ మాట వినలేదు. నీళ్ళు అయిపోయి లేచేవాడే తప్ప థాంక్స్ అని బుర్ర వెనక్కి ఇచ్చేవాడు కాదు. మన దగ్గర బుర్ర ఇస్తూ థాంక్స్ అంటే ఇక పోయొద్దని, ఇక చాలు అని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆకు గురించి అన్నాడో, ఇంకా దేని గురించి అన్నాడో అడగలేకపోయాను. పోర్తో అలెగ్రె రానంటున్నాడు. “ఉన్నదేదో తెలిసిందే కదా, చూడ్డానికి లైటెందుకు,” అంటున్నాడు.

ఇప్పుడు రెండోది. రాయడానికి సిగ్గుగా ఉంది. జుఫో మంగళవారాలు రావడం మానేశాడు. నా కరపత్రం ఎవరో ఆసుపత్రి గోడకి అంటించి, కింద అతని కారు నంబరు రాశారు. కారు అద్దం పగిలింది. అది నేను చేయలేదు, కానీ మొదటి అక్షరం నాది. జాబితాలో నలభై ఒక్క పేర్లున్నాయి, అందులో నదీర్ పెద్దమ్మ ఒకతి. పోయిన మంగళవారం ఆమె పొద్దున్నే వెళ్ళి మూసిన తలుపు ముందు పదకొండింటి దాకా కూర్చుని వచ్చింది. “బెంచీ బాగుందే, ఎండ తగులుతుంది,” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

శనివారం జుఫో ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది అతనే, చేతిలో సొరబుర్ర. నన్ను గుర్తుపట్టి, “తిట్టడానికైతే కూర్చుని తిట్టు,” అని అదే నాకందించాడు. నాన్న గొంతు ఫొటో చూపించాడు. అంతా పచ్చ. మన వాగు అడుగు రాయిలా ఉంది. నేను దాన్ని చూసి మూడు నిమిషాలు మాట్లాడలేదు, అతను గడియారం చూసి, “సరిపోయింది,” అన్నాడు. తర్వాత నవ్వలేదు. “వచ్చేవాళ్ళలో ముగ్గురిలో ఒకరు ఇలాగే వస్తారు. పరగడుపు అని కాగితంలో అచ్చువేసి ఊరుకున్నాను. నేనూ ఈ కొండల్లో పుట్టినవాణ్ణే, నాకు తట్టి ఉండాల్సింది,” అన్నాడు. తిరిగి వస్తావా అంటే, “కడిగిన గొంతులు నలభై చూపించు, వస్తాను,” అన్నాడు.

నాన్నని ఎలా పంపను? నీకేమైనా తోస్తే రాయి. అదెమీర్ బస్సు ఆపి నిలబడ్డాడు.

లెనీర్

*

పోర్తో అలెగ్రె
మే 4

లెనీర్ తల్లికి,

నువ్వు చేసింది అన్నయ్య చెప్పాడు. ఆదివారం పొయ్యి వెలిగించకుండా, బుర్రా, పీల్చే గొట్టం కడిగి బోర్లించి, మన కొండల మే నెల చలిలో ఎదురుగా కూర్చుని, “నువ్వు వెళ్ళేదాకా నేనూ తాగను,” అన్నావట. రెండు పూటలకే నీకు తలనొప్పి ఎక్కి గిన్నెలు విసిరేశావట. “ఆ పిల్ల తాగకపోతే మిల్లు తగలబెట్టేలా ఉంది, అందుకే వచ్చాను,” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నవ్వాడు. అది రాయాలనిపించింది ముందు.

ఇప్పుడు మిగతాది. నిలబడి చదవకు.

నిన్న ఎనిమిదింటికి గొట్టం దించారు. గొంతు శుభ్రంగా ఉంది. ముద్ద పట్టేది కింద, పొట్ట మొదట్లో, ఏళ్ళ తరబడి మాతె వేడికి కాలి బిగుసుకున్న చోట. అక్కడ చెడ్డదేమీ లేదు, నాకు ఊపిరి వచ్చింది. డాక్టరమ్మ మెల్లగా గొట్టం పైకి తీస్తూ నీలం లైటు వేసింది. అప్పుడు, రెండు బెత్తెల పైన, అన్నయ్యకి నొప్పి లేని, ఏమీ తెలియని చోట, నేను చూశాను. ఆవిడ కంటే ముందు చూశాను. బొటనవేలి గోరంత. గోధుమ రంగు చుక్కలు. ఆవిడ చెయ్యి ఆగింది. “అయోడిన్,” అంది.

నేనే అందించాను. చుట్టూ చెక్క రంగు వచ్చింది. ఆ గోరంత మేర రాలేదు. నేను లోపల లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. గులాబీ రంగు తిరిగింది.

ముక్క తీసి పంపారు. పలచగానే ఉన్నట్టుంది, పొర దాటలేదనిపిస్తోంది అని డాక్టరమ్మ అంది. అనిపిస్తోంది అనే అంది. ఒలిచి తీసి కొలిస్తే తప్ప ఖాయంగా తెలియదు. మే 17, మంగళవారం, ఎనిమిదింటికి తీస్తారు. అప్పటిదాకా నా దగ్గరే ఉంటాడు. చల్లార్చిన మాతె ఇస్తే, “ఇది మాతె కాదు, గిన్నెలు కడిగిన నీళ్ళు,” అని చిలకకి చెబుతున్నాడు. చిలక నేర్చుకుంది.

ముద్ద పట్టిందని భయపడి వచ్చినందుకు, పట్టని చోటున్నది దొరికింది. దీన్నేమనాలో నాకు తెలియదు. రాత్రి పడుకోలేదు.

ఒదీలా అత్త

*

గ్రాల్యా లోయ
మే 12

అత్తకి,

నీ ఉత్తరం కూర్చునే చదివాను. తర్వాత పైన్ల దిబ్బ ఎక్కి, ఫోన్ తీసి, చెయ్యలేక దిగి వచ్చాను. గోరంత. నా గోరు చూసుకుంటున్నాను. మూటలు కడుతుంటే చూసుకుంటున్నాను, రొట్టె తుంచుతుంటే చూసుకుంటున్నాను. పదిహేడున నేనూ వస్తానని అనుకున్నాను. రాను. ఎందుకో చెబుతాను, నాన్నకి నువ్వు చెప్పు.

నాన్నకి నువ్వున్నావు. ఆ గదిలో మనిషి ఉంది కాబట్టి నెల తిరగకుండా తారీఖు దొరికింది. నలభై మందికి అలాంటి అత్తలు లేరు. వాళ్ళకున్నది ఆ మంగళవారం యంత్రం ఒక్కటే, దాన్ని పోగొట్టింది నేను. నదీర్ పెద్దమ్మ గొంతులో కూడా నొప్పి లేదు. నొప్పి లేదంటేనే ఇప్పుడు నాకు వణుకు పుడుతోంది.

జుఫో పదిహేడున వస్తాడు. ఒక్క రోజు చూస్తానన్నాడు. పచ్చ గొంతులు వస్తే ఇక రాడు. ఇంటింటికీ తిరిగి చెప్పాను. “మాతె మానేసి పొద్దున్నే ఏం చేయాలే, దిక్కులు చూడాలా?” అని జురాసీ మేస్త్రీ అడిగాడు. నాతో నిలబడు, కలిసి చూద్దాం అన్నాను. పేరు రాసుకో అన్నాడు. నలభై రెండో పేరు అతనిది.

మళ్ళీ అచ్చువేశాను. అదే మిషను, రెండు వందలు. అతికించి పంపుతున్నాను. నాన్నకి లోపలికి వెళ్ళేముందు చదివి వినిపించు. ఆ రోజు ఎనిమిదింటికి నేను మన పట్నం ఆసుపత్రి బెంచీ మీద ఎండ తగిలే చోట ఉంటానని చెప్పు. ఏదైనా సరే, బయటికి రాగానే ఆసుపత్రి ఫోన్‌కి చెయ్యి. మంచైనా చెడైనా నాకే చెప్పు.

లెనీర్

———

గ్రాల్యా లోయ ప్రజలకు

తప్పు జరిగింది. చేసింది లెనీర్ త్రెవిజోల్, ఆకు మిల్లు మూటల విభాగం. తెలుసుకోకుండా ఒక డాక్టరు పేరు అచ్చువేసింది. అతను మా నాన్న పరీక్షని నిర్లక్ష్యం వల్ల వదిలేయలేదు. అక్కడ ఆకు తప్ప ఏమీ కనపడలేదు. ఆ ఆకు పోసింది నేను.

పరగడుపు అంటే మాతె కూడా వద్దని మనలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుతున్నాను. బుర్ర వద్దు, ఫ్లాస్కు వద్దు, ఒక్క గుక్క కూడా వద్దు. సోమవారం సాయంత్రం అయిదు తర్వాత తిండి లేదు. తలనొప్పి వస్తుంది. నాకు వచ్చింది, ఎవరూ చావలేదు.

నొప్పి లేనివాళ్ళు తప్పకుండా రండి. భయం లేనివాళ్ళు ఇంకా తప్పకుండా రండి. భయమున్నవాళ్ళు నా పక్కన నిలబడండి, నాకూ ఉంది.

మే 17, మంగళవారం. ఉదయం అయిదు గంటలకి. మిల్లు గేటు ముందు. అదెమీర్ బస్సు సిద్ధంగా ఉంటుంది. ఖాళీ చేతులతో రండి.